కుస్కోలో ఇంకా ఉన్నవాళ్లు

పోస్టు పెద్దగానే ఉంటది, తీరిక చూసుకుని చదవండి.

పెరూ దేశ రాజ్యాంగంలో 49వ ఆర్టికల్ అని ఒకటుంది. దేశ రాజధాని లిమా, చారిత్రక రాజధాని కుస్కో అని అందులో రాసుకున్నారు. లిమాను 1535లో స్పెయిన్ నుంచి వచ్చిన పిజారో సముద్రం దగ్గర స్థాపించాడు. కుస్కో అంతకుముందు నుంచే ఉంది. ఆండీస్ కొండల్లో, దాదాపు 3,400 మీటర్ల ఎత్తున, ఇంకా రాజుల రాజధాని అది. ఈ ‘ఇంకా’ అన్నది వాళ్ల పేరు, మన తెలుగు ‘ఇంకా’ కాదు. కానీ అక్కడ తిరిగొచ్చాక రెండూ కలిసిపోయినా తప్పులేదనిపించింది.

మా యూనివర్సిటీ నుంచి పదహారు మందిమి సెలవుల్లో అక్కడికి పోయాం. విమానం దిగగానే తలనొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కోకా ఆకుల టీ తాగుతూ ఒక రోజు పడుకున్నాం. గుంపుగా పోతే బస్సు, టికెట్టు, గైడు అన్నీ వాటంతట అవే కుదురుతాయి. కాకపోతే ఎక్కడ ఎంతసేపు నిలబడాలి, ఏం వినాలి అన్నది కూడా ముందే ఎవరో తేల్చేసి ఉంటారు. కుస్కోలో దీన్ని సిటీ టూర్ అంటారు. సగం రోజు పని. కోరికాంచా, పెద్ద చర్చి, తర్వాత బస్సెక్కి కొండ మీద సక్సాయ్‌వమాన్, కెంకో, పుకా పుకారా, తంబోమచాయ్. ఎవరి బస్సెక్కినా కొంచెం అటూఇటూగా ఇదే వరస. కథ కూడా ఒకటే. ఇంకాలు గొప్పగా కట్టారు, బంగారం ఉండేది, స్పెయిన్ వాళ్లొచ్చారు, ఇంకాలు పోయారు. అక్కడితో కథ అయిపోతది, అందరూ ఫొటోలు దిగుతారు.

నిజంగా పోయారా? నాకు మొదటి అనుమానం కోరికాంచా గోడ దగ్గరే వచ్చింది.

కోరికాంచా అంటే కెచువా భాషలో బంగారు ఆవరణ. సూర్యుడి గుడి. గోడలకు బంగారు రేకులు తాపడం చేసి ఉండేవి. 1532 నవంబర్ 16న కాహమార్కా అనే ఊళ్లో అతావాల్పా రాజును పిజారో మనుషులు పట్టుకున్నారు. తనను వదిలేస్తే ఒక గది నిండా బంగారం, దానికి రెండింతలు వెండి ఇస్తానన్నాడు రాజు. ఆ బంగారం కోసమే మనుషులు కుస్కో దాకా వచ్చి ఈ గుడి రేకులు ఊడబెరికారు. అన్నీ కరిగించేశారు. అంత తీసుకుని కూడా రాజును వదల్లేదు, 1533లో చంపేశారు. అదే ఏడాది నవంబర్‌లో కుస్కోలో అడుగుపెట్టారు. గుడి డొమినికన్ సన్యాసుల చేతికి పోయింది. వాళ్లు దాని మీదే తమ మఠం కట్టుకున్నారు.

వీధిలో నిలబడి చూస్తే కింద నల్లగా, నున్నగా గుండ్రంగా తిరిగిన రాతి గోడ, దాని నెత్తిన చర్చి. ఒకరి భుజాల మీద ఇంకొకరు కూర్చున్నట్టు ఉంటది. కింది రాళ్ల మధ్య సున్నం లేదు, గోరు కూడా దూరదు. గోడ కొంచెం లోపలికి వాలి ఉంటది. తలుపులు, గూళ్లు కింద వెడల్పు, పైన సన్నం. ఇనుము వాడని మనుషులు రాతి సుత్తులతో చెక్కి, ఒక రాయి పక్క రాయికి అతికేదాకా సరిచేసి పెట్టిన పని ఇది. 1650లో పెద్ద భూకంపం వచ్చి మీది కట్టడాన్ని కూల్చింది. మళ్లీ కట్టారు. 1950 మే 21న మళ్లీ భూకంపం, మళ్లీ చాలా భాగం పడిపోయింది. కింది గోడ రెండుసార్లూ నిలబడింది. 1950లో పైది కూలాకనే లోపల మూసుకుపోయి ఉన్న ఇంకా గోడలు బాగా బయటపడ్డాయి. వందల ఏళ్లు కప్పిపెట్టిన దాన్ని భూమే విప్పి చూపించిందన్నమాట.

పన్నెండు మూలల రాయి అని ఒకటి ఉంది, హాతున్ రుమియోక్ వీధిలో. అక్కడ ఫొటోకు క్యూ కట్టాలి. రాయి బాగుంది, అంతకన్నా చెప్పడానికేం లేదు.

టూర్‌లో ఎవరూ మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. చనిపోయిన ఇంకా రాజుల దేహాలను చెడిపోకుండా ఆరబెట్టి ఉంచేవారు. పండగలకు ఊరి నడిమి మైదానానికి తెచ్చి, బతికి ఉన్నవాళ్లతో పాటు కూర్చోబెట్టేవారు. చనిపోయిన రాజు భూములు ఆయన పేరు మీదే, ఆయన వంశం వాళ్ల చేతుల్లో ఉండేవి. పూర్వీకులను పెన్‌లో కలుపుకునే మనకు ఇది మరీ వింతగా అనిపించదు. 1559లో పోలో దె ఒండెగార్దో అనే స్పెయిన్ అధికారి ఆ దేహాలను వెతికించి పట్టుకున్నాడు. కొన్నింటిని లిమాకు పంపారు, తర్వాత జాడ లేదు. గోడలను వదిలేసినా పెద్దలను మాత్రం వదల్లేదు. గోడతో ప్రమాదం లేదని, పెద్దలతో ఉందని వాళ్లకు బాగానే అర్థమైంది.

అలాగని ఇంకాలను మొత్తంగా మన అన్నదమ్ములనుకుని మురిసిపోవడం నాకు నచ్చదు. వాళ్లది సామ్రాజ్యం. తమ రాజ్యాన్ని తవాంతిన్‌సుయు అనేవారు, నాలుగు సీమలు కలిసినది అని. ఓడిన తెగలను ఊళ్లకు ఊళ్లు లేపి దూర ప్రాంతాలకు తోలేవారు. ఇళ్ల నుంచి వంతుల వారీగా రాజ్యానికి పని చేయడానికి పోవాలి, దాని పేరు మిత. మనం నోరెళ్లబెట్టి చూసే గోడలు ఆ వంతు పనివాళ్లు లాగిన రాళ్లే. అందుకే స్పెయిన్ వాళ్లు వచ్చినప్పుడు కన్యారి, చచపోయ లాంటి తెగలు వాళ్ల పక్కన నిలబడ్డాయి. గుర్రాల మీద వచ్చిన కొద్దిమంది ఒక సామ్రాజ్యాన్ని కూల్చారు అనే కథలో ఈ వేలమంది కనబడరు. అప్పటికే వాస్కర్, అతావాల్పా అనే అన్నదమ్ములు సింహాసనం కోసం కొట్టుకుని దేశం రెండు ముక్కలైంది. పై నుంచి వచ్చిన రోగాలు. ఇవన్నీ తీసేసి గుర్రం, తుపాకీ అని రెండు మాటల్లో చెప్తే తెల్లవాళ్ల గొప్పతనమే మిగులుతది.

సక్సాయ్‌వమాన్‌లో ఒక్కో రాయి ఇల్లంత ఉంది. కొన్ని వంద టన్నులు దాటుతాయి. పైన బురుజులు ఉండేవి, ఇప్పుడు పునాదులే. 1536లో ఇక్కడే అసలు యుద్ధం జరిగింది. స్పెయిన్ వాళ్లే గద్దె మీద కూర్చోబెట్టిన మాంకో ఇంకా, అవమానాలు భరించలేక తప్పించుకుని సైన్యం పోగేసి కుస్కోను చుట్టుముట్టాడు. కాల్చిన రాళ్లు విసిరి గడ్డి కప్పులకు నిప్పు పెట్టారు. ఈ కోట కోసం జరిగిన పోరులో పిజారో తమ్ముడు హువాన్ తలకు రాయి తగిలి చచ్చాడు. చివరికి కోట పోయింది, మాంకో అడవి వైపు విల్కాబాంబాకు తగ్గాడు. అక్కడ ఇంకో ముప్పై ఏళ్లకు పైగా ఇంకా రాజ్యం నడిచింది. 1572లో చివరి రాజు తుపాక్ అమారును పట్టి తెచ్చి కుస్కో మైదానంలో తల నరికారు. ఇక కోట సంగతి. అందిన రాయినల్లా కిందికి దొర్లించి చర్చిలకు, ఇళ్లకు వాడుకున్నారు. ఈరోజు టికెట్టు కొని చూసేది వాళ్లు మోయలేక వదిలేసినవి.

పెద్ద చర్చి ముందున్న మైదానాన్ని ఇప్పుడు ప్లాసా దె అర్మాస్ అంటారు. చుట్టూ కాఫీ షాపులు, పూల మొక్కలు, బెంచీలు. మా గుంపుకు అక్కడ ఒక గంట ఫ్రీ టైమ్ ఇచ్చారు. 1781 మే 18న అక్కడ ఏం జరిగిందో తెలిస్తే ఆ బెంచీ మీద కూర్చుని కాఫీ దిగదు.

స్పెయిన్ వాళ్లు మిత అనే మాటను అట్లాగే ఉంచి, పనిని పొతోసీ వెండి గనులకు మార్చారు. దాంతో పాటు జిల్లా అధికారులు అక్కర్లేని సరుకులను పల్లెల మీద రుద్ది రెండింతలు మూడింతలు వసూలు చేసేవారు. మన దగ్గర షావుకార్ల అప్పులు ఎలా పెరిగాయో తాతలను అడిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. హోసె గాబ్రియేల్ కొందోర్‌కాంకి అనే ఊరి పెద్ద ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. ఫలితం లేదు. 1780 నవంబర్‌లో అర్రియాగా అనే అధికారిని పట్టుకుని ఉరితీసి, 1572లో చనిపోయిన తన పూర్వీకుడి పేరే పెట్టుకుని రెండో తుపాక్ అమారుగా లేచాడు. భార్య మికాయెలా బస్తిదాస్ ఊరికే వెనక నిలబడలేదు. సైన్యానికి తిండి, ఆయుధాలు, మనుషులు చేర్చింది ఆమె. వెంటనే కుస్కో మీదికి పొమ్మని భర్తను తొందరపెట్టింది. ఆయన ఆలస్యం చేశాడు. ఊరు దొరకలేదు. పూమకావా లాంటి ఇంకా వంశపు పెద్దలే స్పెయిన్ తరఫున పోరాడారు.

మైదానంలో మొదట ఆయన కళ్లముందే భార్యను, పెద్ద కొడుకు ఇపోలితోను, బంధువులను చంపారు. తర్వాత ఆయన కాళ్లూ చేతులూ నాలుగు గుర్రాలకు కట్టి లాగించారు. శరీరం చీలలేదు. తల నరికారు. ముక్కలను తిరగబడ్డ ఊళ్లకు పంపారు. చిన్న కొడుకు ఫెర్నాందోతో ఇదంతా చూపించారు. ఆ పిల్లాడు స్పెయిన్‌కు బందీగా పోయి, 1798లో మాడ్రిడ్‌లో చనిపోయాడు.

ఆ శిక్ష రాసిన అరెచే అనే అధికారి అక్కడితో ఆగలేదు. ఇంకా రాజుల బట్టలు వేసుకోవద్దు, వాళ్ల బొమ్మలు ఉంచుకోవద్దు, శంఖాలు ఊదవద్దు, పాత రాజుల నాటకాలు ఆడవద్దు, జనం కెచువా వదిలి స్పానిష్ నేర్వాలి అన్నాడు. కుస్కోలో ఇంకా తల్లికి పుట్టిన గార్సిలాసో రాసిన ఇంకాల చరిత్ర పుస్తకం మీదా నిషేధం వచ్చింది. మనిషిని నాలుగు ముక్కలు చేసినవాడికి కూడా భయం భాష గురించే.

భాష పోలేదు. 1944లో కుస్కో వాళ్లు సూర్యుడి పండగ ఇంతి రాయ్మిని కెచువాలోనే మళ్లీ మొదలుపెట్టారు. ఆ నిషేధించిన గార్సిలాసో పుస్తకమే దానికి ఆధారం. 1975 మే 27న పెరూ ప్రభుత్వం కెచువాను అధికార భాష చేసింది. 2006లో కుస్కో నుంచి గెలిచిన ఇలారియా సూపా, మారియా సుమిరె పార్లమెంటులో కెచువాలో ప్రమాణం చేస్తే సాటి సభ్యుల నుంచే అభ్యంతరం వచ్చింది. అంటే 1975 నాటి కాగితం 2006కి కూడా సభలోకి పూర్తిగా రాలేదు. 2017 జనగణనలో పెరూలో దాదాపు 38 లక్షల మంది తమ మాతృభాష కెచువా అని రాయించారు. మన గోండి 2011 లెక్కలో దాదాపు 30 లక్షలు. సంతాలీ, బోడో 2003లో ఎనిమిదో షెడ్యూల్‌లోకి వచ్చాయి, గోండికి ఇప్పటికీ చోటు లేదు.

మళ్లీ ఆ పన్నెండు మూలల రాయి వీధికి. అక్కడ రంగురంగుల బట్టల్లో మేకపిల్లంత అల్పాకాను ఎత్తుకుని ఆడవాళ్లు నిలబడతారు, డబ్బులిస్తే ఫొటో. మావాళ్లు అందరూ దిగారు. నాకు మన గుస్సాడీ వాళ్లను మీటింగుల్లో స్టేజీ పక్కన నెమలీకల టోపీతో నిలబెట్టడం గుర్తొచ్చింది. నేను తిట్టను, ఆ ఆడవాళ్లకు అది కూలి. కానీ సాయంత్రం సాన్ పెద్రో మార్కెట్‌లో రకరకాల ఆలుగడ్డలు కుప్పలు పోసుకుని, బేరాలాడుతూ, పిల్లల్ని కసురుతూ కెచువాలో మాట్లాడే ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. పొద్దున బస్సులో ‘పోయారు’ అని విన్నది వీళ్ల గురించే. మా గుంపులో ఎవరూ అక్కడ కెమెరా తీయలేదు.

మనకు కుస్కో అంత దూరం పోవాల్సిన పనిలేదు. చంద్రపూర్‌లో గోండు రాజుల కోట గోడ ఊరి చుట్టూ ఇప్పటికీ నిలబడి ఉంది. దర్వాజాల కింద నుంచి ఆటోలు తిరుగుతాయి. మనవాళ్లు ఎంతమంది ఆస్పత్రి పనికో పెళ్లి బట్టలకో ఆ ఊరు పోయి వస్తారు. ఆ గోడ మీద, ఆ దర్వాజాల మీద ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పుకునే కథలు తెలిసినవాళ్లు కింద రాయండి. గోండిలో రాసినా సరే, తెలుగు లిపిలోనే రాయండి, చదువుకుంటాం.