సర్గోధా బిడ్డ, బసంతర్ పోరు

ఖేతర్‌పాల్‌ల ఇంట్లో సైన్యం అంటే కులవృత్తి లాంటిది. ముత్తాత సిక్కుల ఖాల్సా సేనలో ఉండి 1849లో చిలియన్‌వాలా దగ్గర ఇంగ్లీషువాళ్లతో పోరాడాడు. తాత మొదటి ప్రపంచయుద్ధంలో అదే ఇంగ్లీషువాళ్ల సైన్యంలో కొలువు చేశాడు. తండ్రి ఎం.ఎల్. ఖేతర్‌పాల్ భారత సైన్యంలో ఇంజనీర్ల విభాగం అధికారి, తర్వాత బ్రిగేడియర్ అయ్యారు. వాళ్ల సొంతూరు పంజాబ్‌లోని సర్గోధా. విభజనలో ఊరు పాకిస్తాన్‌లోకి పోయింది, కుటుంబం ఇటు వచ్చేసింది. 1950 అక్టోబరు 14న పుణెలో పుట్టిన ఆయన కొడుకు అరుణ్‌కు సర్గోధా అంటే పెద్దలు చెప్పుకునే కబుర్లే.

సనావర్ లారెన్స్ స్కూలు, ఖడక్‌వాస్లా, డెహ్రాడూన్ సైనిక అకాడమీలు దాటి 1971 జూన్ 13న సెకండ్ లెఫ్టినెంటుగా 17 పూనా హార్స్‌లో చేరాడు. ఈ ట్యాంకుల రెజిమెంటుకు హైదరాబాద్‌తో ఒక చుట్టరికం ఉంది. నిజాం సంస్థాన సైన్యంలో పనిచేసిన ఆర్దేషిర్ తారాపోర్, సంస్థానం విలీనమయ్యాక ఇందులోకి వచ్చారు. 1965లో చవిండా పోరులో ఈ రెజిమెంటును నడిపిస్తూనే నేలకొరిగి పరమవీర చక్ర పొందారు. అరుణ్ చేరేనాటికి ఆ కథ అక్కడ ఇంకా పచ్చిగానే ఉంది.

పాకిస్తాన్‌తో యుద్ధం ముంచుకొచ్చేసరికి అతను అహ్మద్‌నగర్‌లో కొత్త అధికారుల శిక్షణలో ఉన్నాడు. దాన్ని మధ్యలోనే ఆపి అందరినీ వెనక్కి పిలిచారు. దారిలో ఢిల్లీలో ఇంటికి వెళ్లాడు. సామానులో గోల్ఫ్ కర్రలు, విందులకు వేసుకునే నీలం యూనిఫాం చూసి తండ్రి ఇవెందుకని అడిగితే, లాహోర్‌లో గోల్ఫ్ ఆడతాననీ, గెలిచాక విందు ఉంటుంది కదా, యూనిఫాం అందుకనీ జవాబిచ్చాడు. భోజనాల దగ్గర తల్లి, నీ తాతా తండ్రీ పోరాడినట్టు పోరాడు, పిరికివాడిగా మాత్రం తిరిగి రావద్దు అన్నదట. సైనికుల ఇళ్లలో ఇలాంటి మాటలు మామూలే కావచ్చు. తర్వాతి ముప్పై ఏళ్లలో ఆ తల్లికి ఈ మాట ఎన్నిసార్లు గుర్తొచ్చి ఉంటుందో!

డిసెంబరు 15 రాత్రి షకర్‌గఢ్ రంగంలో మన పదాతిదళం బసంతర్ నది దాటింది. ట్యాంకులు వెనకే వెళ్లాలి, దారి నిండా మందుపాతరలు. ఇంజనీర్లు సగం తీసేసరికే అవతల శత్రు ట్యాంకుల కదలిక కనబడింది. పూనా హార్స్ కమాండర్ హనూత్ సింగ్ ఇక ఆగలేదు. తీయని మందుపాతరల మీదుగానే ట్యాంకులను నడిపించారు. తెల్లారాక జర్పాల్ దగ్గర పొగతెర చాటున పాకిస్తాన్ 13 లాన్సర్స్ ప్యాటన్ ట్యాంకులు విరుచుకుపడ్డాయి. సాయం కావాలని వైర్‌లెస్‌లో కేక వినగానే అరుణ్ తన సెంచూరియన్ ట్యాంకు ‘ఫామగుస్తా’తో దూకాడు.

ఆ పోరులో పది శత్రు ట్యాంకులు కూలితే నాలుగు అరుణ్ లెక్కలోవని ప్రశంసాపత్రం చెబుతోంది. ఫామగుస్తాకు దెబ్బ తగిలి మంటలు లేచాయి. ట్యాంకు వదిలేసి రమ్మని పైఅధికారి ఆదేశం. తన గన్ ఇంకా పనిచేస్తోందని అరుణ్ ససేమిరా అన్నాడు. ఆఖరి ట్యాంకును వంద మీటర్ల దూరంలో కొట్టాడు. ఇంకో గుండు వచ్చి ఫామగుస్తాను తాకింది. సైన్యంలో చేరి ఆరు నెలల మూడు రోజులు, వయసు ఇరవై ఒకటి. అదే రోజు ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. కాల్పుల విరమణ కబురు విన్న ఇంట్లోవాళ్లు కొడుకు రాక కోసం చూస్తుంటే, టెలిగ్రాం వచ్చింది. పరమవీర చక్రను రాష్ట్రపతి వి.వి. గిరి చేతుల మీదుగా తల్లి అందుకున్నారు.

మామూలుగా వీరుల కథలు ఇక్కడికి ముగుస్తాయి. అరుణ్ కథ ముగియలేదు. 2001లో, ఎనభై ఒక్కేళ్ల వయసులో తండ్రికి సర్గోధా చూడాలనిపించింది. లాహోర్‌లో బ్రిగేడియర్ ఖ్వాజా మహమ్మద్ నాసిర్ ఆయనకు ఆతిథ్యమిచ్చారు. ఇంటిల్లిపాదీ సొంత పెద్దాయనలా చూసుకున్నారు. వెళ్లబోయే ముందు రాత్రి నాసిర్ మీకొక విషయం చెప్పాలన్నారు. ఆనాడు 13 లాన్సర్స్‌లో తాను మేజర్‌ననీ, అరుణ్‌ను చంపింది తానేననీ, అతనంత చిన్నవాడని తర్వాతే తెలిసిందనీ చెప్పారు.

నాకు ఈ ఘట్టంలో క్షమాగుణం కంటే వృత్తిధర్మమే ఎక్కువ కనబడుతుంది. విభజనకు ముందు ఈ రెండు రెజిమెంట్లూ ఒకే సైన్యంలోవి. ఎదురుగా ఉన్నవాడి పని ఏమిటో సైనికుడైన ఆ తండ్రికి తెలుసు. తర్వాత నాసిర్ ఢిల్లీకి ఫొటోలు పంపారు. తమ రెజిమెంటు ఎదురుదాడి గెలుపోటముల మధ్య అరుణ్ కదలని బండలా నిలిచాడని వాటితో రాసి పంపారు. 13 లాన్సర్స్ ఆ రోజు ముందుకు రాలేకపోవడానికి కారణం ఎవరో మన ప్రశంసాపత్రంలోనూ ఉంది, నాసిర్ రాసిన వాక్యంలోనూ ఉంది.