పొయ్యికి తలుపు పెట్టిన కథ



కూనూరులో పాత బంగళా కొనుక్కున్న మన సభ్యుడొకాయన గ్రూపులో ఒక ప్రశ్న వేశాడు. హాలు గోడలో తెల్లవాళ్ళ కాలం నాటి చలిమంట గూడు ఉందట. అందులో గాజు తలుపున్న ఇనుప కట్టెల స్టవ్వు బిగిస్తారట. మంచిదా, దండగా అని అడిగాడు. "ఎందుకన్నా అంత ఖర్చు, కుంపట్లో నాలుగు బొగ్గులు వేసి గదిలో పెట్టుకుంటే చాలదా" అని కొందరు జవాబిచ్చారు. ఆ మాట చూశాకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

చాలదు. ప్రాణం తీస్తుంది. తమిళంలో కుముట్టి అడుప్పు అన్నా, మన ఇళ్ళల్లో కుంపటి అన్నా ఒకటే వస్తువు. బొగ్గు ఎర్రగా కణకణలాడుతుంటే పొగ ఉండదు, కాబట్టి భయం లేదనుకుంటారు. కానీ దాన్నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కిటికీలు మూసి పడుకున్నవాళ్ళు నిద్రలోనే పోతారు. ఊటీ, కొడైకానల్ వైపు నుంచి ఇలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. గోడలో గూడు, దానిమీద పొగగొట్టం ఎందుకు పుట్టాయో తెలిస్తే ఈ కుంపటి సలహా ఎవరూ ఇవ్వరు.

నీలగిరి మీదికి తెల్లవాళ్ళ కాపురం తెచ్చింది కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్. 1819లో కొండెక్కాడు, తర్వాత ఊటీలో స్టోన్ హౌస్ కట్టించాడు. వెనకాలే బంగళాలు లేచాయి. గదిగదికీ చలిమంట గూడు, దానికో పొగగొట్టం, అంతా వాళ్ళ ఊరి పద్ధతే. అన్ని గూళ్ళకు కట్టెలెక్కడివి? లోయల్లోని సోలై అడవి నరికారు. సోలై చెట్టు నిదానంగా పెరుగుతుంది, ఇంగ్లీషువాడి చలి ఆగదు. అందుకే ఆస్ట్రేలియా నుంచి తుమ్మ జాతి వాటిల్ చెట్లు, 1843లో నీలి యూకలిప్టస్ తెచ్చి నాటారు. తైలం తర్వాతి సంగతి, ముందు కావలసింది వంటచెరకు, చలిచెరకు. ఈ రోజు మనం ఊటీ వాసన అని పీల్చేది ఆ కట్టెల కరువులోంచి వచ్చిందే.

అంత అడవి మింగినా ఆ గూడు ఇచ్చిన వేడి తక్కువే. తెరిచిన మంటలో పదిపాళ్ళ వేడిలో ఏడెనిమిది పాళ్ళు పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. పోతూపోతూ గదిలోని వెచ్చటి గాలిని కూడా లాక్కుపోతుంది.

దీనికి మందు వెతికినవాళ్ళు ఇద్దరు బెంజమిన్‌లు, ఇద్దరిదీ మసాచుసెట్స్. ఒకరు ఫ్రాంక్లిన్. 1740ల మొదట్లో ఇనుప పలకలతో చలిమంట పెట్టె చేశాడు. గవర్నరు పేటెంటు ఇస్తానన్నా, అందరికీ పనికొచ్చేదని వద్దన్నాడు. అయితే ఆ మొదటి నమూనాలో పొగ సరిగ్గా లాగేది కాదు, తర్వాతి వాళ్ళు మార్చుకున్నారు. రెండోవాడు బెంజమిన్ థాంప్సన్, రమ్‌ఫర్డ్ ప్రభువు. ఫ్రాంక్లిన్ స్వాతంత్ర్యం పక్క, ఇతను రాజు పక్క. 1796లో ఇతను రాసిన వ్యాసంలో కొత్త యంత్రమేమీ లేదు. గూటి లోతు తగ్గించు, పక్క గోడలు ఏటవాలుగా కట్టు, పొగ పోయే గొంతును 4 అంగుళాలకు ఇరుకు చెయ్యి, అంతే. తాపీమేస్త్రీ చేతిలో పని. ఆ చిన్న మార్పుకే లండన్ ఇళ్ళల్లో గదులు వెచ్చబడ్డాయి. నా దృష్టిలో ఇద్దరిలో ఇతనే గట్టివాడు.

మంటకు తలుపు పెట్టి, గాలిని లెక్కగా వదలడం అనే పని పూర్తిగా అర్థం కావాలంటే మన రైలింజను చూడాలి. మేట్టుపాళయం నుంచి 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి వెళ్ళిన కొండబండి ఆవిరి ఇంజను అందరూ ఎక్కినదే. ఆవిరి ఇంజను మంటపెట్టెలో ఇటుకల కమాను కడతారు. కాలని వాయువు నేరుగా గొట్టాల్లోకి పారిపోకుండా ఆ వేడి ఇటుకల కింద తిరిగి, గాలితో కలిసి మళ్ళీ మండాలి. ఇప్పటి గోడ స్టవ్వులో పైన అడ్డంగా ఉండే పలక పనీ అదే. కింద నుంచి ఒక గాలి, పైన గాజు వెంబడి ఇంకో గాలి. కట్టె కాలిన తర్వాత దాని పొగ కూడా కాలుతుంది. అందుకే తెరిచిన గూడు పదిలో రెండుమూడు పాళ్ళు ఇస్తే, ఇది ఏడెనిమిది పాళ్ళు గదికి ఇస్తుంది.

పొగ కూడా కాలాలి అన్న పట్టుదల ఊరికే రాలేదు. 1952 డిసెంబరులో లండన్‌లో ఐదు రోజులు బొగ్గు పొగ మంచులో చిక్కుకుంది. 4,000 మంది పోయారని అప్పటి లెక్క, తర్వాతి పరిశోధకులు 12,000 దాకా చెప్పారు. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది.

ఇక కూనూరు తమ్ముడికి. గదిని కొలువు. 500 ఘనపుటడుగులకు ఒక కిలోవాట్ అని సుమారు లెక్క. 14 అడుగులు, 16 అడుగులు, ఎత్తు 10 అయితే నాలుగున్నర చాలు. పెద్దది కొని గాలి తగ్గించి కాలిస్తే గాజు నల్లబడుతుంది, పొగగొట్టంలో తారులాంటి మడ్డి పేరుకుంటుంది, ఒకరోజు అదే అంటుకుంటుంది. పాత పొగగొట్టం లోపల సున్నం రాలి పగుళ్ళుంటాయి, అందులోంచి విషవాయువు పై గదిలోకి వస్తుంది. కాబట్టి లోపల పైనుంచి కిందిదాకా స్టీలు గొట్టం దింపించు, ఖర్చని వెనకాడకు. స్టవ్వుకూ గూటి గోడకూ మధ్య సందు పూర్తిగా మూయించు. గదిలోకి బయటి గాలి వచ్చే దారి ఉంచు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించకుండా మొదటి అగ్గిపుల్ల గీయొద్దు. యూకలిప్టస్ కట్టె పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి, వానపడని చోట ఏడాదికి తక్కువ కాకుండా ఎండనివ్వు. ఏటా ఒకసారి గొట్టం దులిపించు.

ఇదంతా కొండమీది దొరల సంగతి అనుకోవద్దు. మన వంటింటి పొయ్యికీ ఇదే చరిత్ర ఉంది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాశాలలో పనిచేసిన డాక్టరు ఎస్.పి. రాజు మట్టితోనే పొగరాని పొయ్యి రూపొందించి, 1953లో దానిమీద చిన్న పుస్తకం వేశారు. ఒక మంట, దాని సెగ సొరంగంలోంచి రెండో కుండ, మూడో కుండ కిందికి పోయి, చివర పొగగొట్టంలోంచి బయటికి. రమ్‌ఫర్డ్ ఇటుకతో చేసిన ఆలోచన ఇది, మన మట్టిలో. తమిళ ఊళ్ళల్లో కొడి అడుప్పు చూసినవాళ్ళకు సగం పరిచయమే, పెద్ద పొయ్యి సెగ పక్క పొయ్యికి పాకుతుంది కదా. దానికి లేనిది పొగగొట్టం. అది లేకే మన అమ్మమ్మల కళ్ళు అలా ఎర్రబడి ఉండేవి. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం పెట్టి కోట్ల సంఖ్యలో కట్టించింది. చాలా ఊళ్ళల్లో గొట్టం దులిపేవాళ్ళు లేక, పగిలితే అతికేవాళ్ళు లేక మళ్ళీ పాత పొయ్యికే వెళ్ళారు. 2002లో కేంద్రం ఆ పథకం నిలిపేసింది.

మీ ఊరి ఇంట్లో పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యి ఇంకా మిగిలి ఉంటే ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. ఎన్ని కుండల పొయ్యి, ఎవరు కట్టారు, దాన్ని ఇంట్లో ఏ పేరుతో పిలిచేవారు, అది కూడా రాయండి.