ఎండసీమలో నీలిరంగు

కేసీ కాలువ కింద నందికొట్కూరు వరిమళ్లలో నీరు నిలిచిన కొన్నాళ్లకు నీలం కలిసిన పచ్చటి పాచి తేలుతుంది. ఈ పాచి వంశానికి రాయలసీమలో వరికన్నా, మనిషికన్నా పాత చరిత్ర ఉంది. కడప జిల్లా వేంపల్లె డోలమైట్ రాళ్లలో అలలు అలలుగా కనిపించే స్ట్రోమటోలైట్లు ఇలాంటి సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టినవే. వాటి వయసు 188 కోట్ల ఏళ్లకు పైమాటే.

పాచిలోని ఆ నీలానికి 1843లో ఫైకోసయనిన్ అని పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త క్యూట్జింగ్. అది ఎందుకుందో తేలడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1902 ప్రాంతంలో గైడుకోవ్ అనే శాస్త్రవేత్త ఆసిలటోరియా అనే పాచిని వేరువేరు రంగుల వెలుగులో పెంచి, పడే వెలుగును బట్టి దాని రంగు మారడం చూశాడు. 1942లో ఎమర్సన్, లూయిస్ అనే శాస్త్రవేత్తలు క్రూకాకస్ అనే మరో పాచి మీద కొలతలు తీశారు. పత్రహరితం సరిగా పట్టలేని నారింజ వెలుగును, 620 నానోమీటర్ల దగ్గర, ఫైకోసయనిన్ పట్టి కిరణజన్య సంయోగక్రియకు అందిస్తోందని తేల్చారు. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకం ఇదే. వెలుగు కరవైన చోట బతకడానికి జీవి చేసుకున్న ఏర్పాటు ఆ నీలం. వెలుగు దండిగా దొరికితే కణం దాన్ని తగ్గించుకుంటుంది.

మన దేశంలో చాలాకాలం చూపంతా నత్రజని మీదే. వరిమళ్లకు గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చేది ఈ పాచేనని 1939లో పి.కె. డే చూపాడు. 1959లో ఈ పాచి వంశం మీద టి.వి. దేశికాచారి 'సయనోఫైటా' గ్రంథం వచ్చింది. తరవాత ఇదే వంశానికి చెందిన స్పిరులినా మాంసకృత్తుల కోసం మైసూరు ఆహార పరిశోధన సంస్థ సి.ఎఫ్.టి.ఆర్.ఐ., మద్రాసు మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం కృషి చేశాయి. నీలం సరుకుగా నిలబడింది ఆ పైనే. 2013లో అమెరికా దాన్ని మిఠాయిల్లో వాడనిచ్చింది.

ఎండకు కొదవ లేదు కాబట్టి రాయలసీమలో స్పిరులినా ఇట్టే పండుతుందనుకోవడం సగమే నిజం. వేడి, సోడా కలిపిన క్షారపు నీళ్లు దానికి సరిపడతాయి. 35 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. కానీ నడినెత్తి ఎండలో నీలం పలచబడుతుంది, తొట్టి మీద షేడ్‌నెట్ కావాలి. ఎరువూ తగ్గకూడదు. వరిమడి పాచిలా స్పిరులినా గాలి నత్రజనిని పట్టలేదు. నత్రజని కరవైతే కణం తన ఫైకోసయనిన్‌నే కరిగించి తింటుంది. కోత తరవాతా గండమే. ఫైకోసయనిన్ ప్రొటీను కాబట్టి 50 డిగ్రీలు దాటితే చెదిరి రంగు పోతుంది. నీలం కావాలంటే పాచిని పలచగా పరిచి నీడన ఆరబెట్టాలి. ఆ పనిలో నందికొట్కూరు ఎండకన్నా ఇక్కడి పొడిగాలే ఎక్కువ అక్కరకొస్తుంది.