రేగడి నేలలో కొలను

మన తెలుగు మాట ఒకటి ఇంగ్లీషువారి మృత్తికాశాస్త్ర గ్రంథాలలోకి ఎక్కి స్థిరపడిన సంగతి చాలమంది గమనించరు. వారు ‘రెగర్’ అని వ్రాసేది మన రేగడినే. బ్రౌను నిఘంటువులో ఈ మాట ఉన్నది. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ పదకోశం దీనిని చేర్చుకొని, తెలుగు రూపాన్ని కూడ పేర్కొన్నది. పత్తి పండే నల్లనేలను చూసి దొరలు ఆశ్చర్యపడి పేరడిగితే, రైతు చెప్పిన పేరే వారి నాలుకకు తగినట్లు అరిగిపోయి మిగిలింది.

మిత్రులారా, ఈ పదచర్చకు కారణం ఒక ఈతకొలను.

మా అల్లుడు డల్లాసు నుండి తిరిగివచ్చి ఉప్పల్, నాచారాల నడుమ ఇల్లు కట్టుకొంటున్నాడు. పెరట్లో ఈతకొలను ఉండి తీరాలన్నది మనుమల పట్టు. స్థలం ఒకప్పటి చెరువు దిగువన పల్లంలో ఉన్నది. పునాదుల కోసం తవ్వితే ఒక మూల అడుగున్నరకే ఎర్రని మొరం తగిలింది. రెండవ మూల నాలుగడుగులు పోయినా బంక విడువని నల్లమట్టి. “మామయ్యగారూ, ఇక్కడ కొలను నిలుస్తుందా?” అని అడిగాడు. తెలుగు పండితునికి పునాదులతో పనేమిటని మీకనిపించవచ్చు. కానీ ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సప్తసంతానాలను వల్లెవేయించినవాణ్ణి. వాటిలో పుత్రునితో సమానంగా కూర్చున్నది తటాకమే. నీటిని నేలలో నిలబెట్టే విద్యను గూర్చి మన పూర్వులు ఏమి చెప్పారో వెతకడం నా పనే.

ముందు నేల సంగతి. హైదరాబాదు కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు రాయి. అది ఎండకు, వానకు చివికి మొరం అవుతుంది. మొరం మీద పలుచని ఎర్రచెలక. మెరక భూముల కథ ఇదే. పల్లాలకు దిగితే, వందల ఏళ్ళుగా వానలు కొట్టుకొని వచ్చిన సన్నని ఒండ్రు చెరువు గర్భాలలో చేరి నల్లని బంకమన్నుగా నిలిచింది. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు, రామంతాపూర్ చెరువులు ఇలాంటి పల్లాలే. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్రనేల, నల్లనేల రెండూ ఒకే ఆవరణలో దొరుకుతాయి. మా అల్లుడి స్థలంలో అవి రెండూ ఒకే పెరట్లో దొరికాయి! శాస్త్రజ్ఞునికి అది వరం. ఇల్లు కట్టేవానికి కాదు.

రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంక ఖనిజం ఉంటుంది. దాని పొరల నడుమకు నీరు చొరబడితే మట్టి ఉబుకుతుంది. ఎండితే ముడుచుకొని బీటలు వారుతుంది. వేసవిలో పైమట్టి ఆ బీటలలోకి రాలుతుంది, వానకాలంలో లోపలి మట్టి ఉబ్బి పైకి తోస్తుంది. ఇలా నేల తనను తానే తిరగవేసుకొంటుంది కనుకనే ‘తిప్పు’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుండి దీనికి ‘వర్టిసాల్’ అని శాస్త్రనామం పెట్టారు. రైతుకు ఇది దున్నకుండానే దున్నుకొనే నేల. గోడ కట్టేవానికి మాత్రం కింద ఊపిరి పీల్చి విడుస్తున్న జంతువు వంటిది.

ఇక పూర్వుల మాట. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు కట్ట దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉన్నది. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమనే ఆ చెరువును కట్టించి వేయించినది. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్ళు మోసే నూరు బండ్లు, రెండేళ్ళ శ్రమ అని అందులో లెక్క చెప్పాడు. అంతకంటె విలువైనది ఆ శాసనంలోని శాస్త్రభాగం. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పాడు. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీయని నీటి నది, పొడవైన తిన్నని రాళ్ళు దొరికే గని, పనితనం గల మనుషులు — ఇవి అంగాలలో కొన్ని. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక ఉండడం, నీరు తక్కువై వైశాల్యం ఎక్కువ కావడం — ఇవి దోషాలలో కొన్ని. రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం కూడ ఒక దోషమే. మన నగరంలో ఒక్కొక్క చెరువు మీద ఎన్ని శాఖలకు అధికారముందో చూస్తే, భవదూరుని దూరదృష్టికి చేయెత్తి మొక్కవలసిందే.

గమనించండి: పన్నెండు అంగాలలో ‘గట్టి నేల’ ఒకటి. చెడ్డనేలను మంచి చేసుకొనే ఉపాయం శాసనంలో లేదు, మంచినేలను ఎంచుకొమ్మన్నాడంతే. రాజులకు రాజ్యమంతా ఉన్నది కనుక ఎంచుకోగలరు. రెండువందల గజాలు కొన్నవానికి ఆ భాగ్యం లేదు.

కాకతీయులు మరొక మార్గం తొక్కారు. 1163 నాటి వేయిస్తంభాల గుడికి, 1213 నాటి రామప్పగుడికి పునాది గుంతలలో ఇసుక నింపి, దాని మీద రాతికట్టడం నిలిపారు. భూకంపాలను తట్టుకోవడానికని ఇంజనీర్లు చెబుతారు. నాకు తోచే కారణం ఇంకొకటి కూడ ఉన్నది: ఇసుక తడిసినా ఉబ్బదు, ఎండినా ముడుచుకోదు. వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని పురావస్తు శాఖవారు రాయికి రాయి విప్పి మళ్ళీ పేర్చి, 2024లో తెరిచారు. మా అల్లుడు ఈ సంగతి వినగానే “ఐతే మనమూ ఇసుక పోద్దాం” అన్నాడు. గుడికి సరిపోయినది కొలనుకు సరిపోదు. బంకమట్టిలో గుంత తీసి ఇసుక పోస్తే ఆ ఇసుక నీటి తొట్టిగా మారి, చుట్టూ ఉన్న రేగడిని ఏడాది పొడుగునా తడుపుతుంది.

దీనికి సరియైన విరుగుడును 1970లలో ఐ.ఐ.టి. బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి నిరూపించారు. ఉబ్బే మట్టికీ కట్టడానికీ నడుమ, ఉబ్బని, కానీ కొంత జిగురున్న మట్టిని సుమారు ఒక మీటరు మందాన దట్టించి వేస్తే, కింది రేగడి పొగరు అణుగుతుందని ఆయన ప్రయోగాలు తేల్చాయి. రేగడి నేలల మీదుగా పోయే సాగునీటి కాలువలకు ఈ పద్ధతి వాడారు. తరువాత భారత ప్రమాణాలలోకి ఎక్కింది. ఆ ఉబ్బని మట్టి ఏదనుకొన్నారు? సరియైన పాళ్ళలో బంక కలిసిన మొరమే. పెరట్లో ఒక మూల జబ్బు, రెండవ మూల మందు!

నేల కుదిరినా నీటితో పేచీ మిగులుతుంది. మన దిగుడుబావులలో చాలవాటికి రాళ్ళ సందులు మూయలేదు. భూగర్భజలం పెరిగితే లోపలికి వచ్చేది, తగ్గితే పోయేది. సికింద్రాబాదు బన్సీలాల్‌పేట బావిని చెత్తంతా తోడి 2022లో బాగుచేసినప్పుడు నీరు తనంతట తానే ఊరింది. ఈతకొలను అలా కాదు. అది నీరు బయటికి పోకుండ, బయటి నీరు లోపలికి రాకుండ మూసిన పెట్టె. మూసిన పెట్టె నీటిలో ఏమి చేస్తుందో ఆర్కిమెడీసు చెప్పి రెండువేల ఏళ్ళు దాటింది.

లెక్క వేద్దాం. లోపల 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు. గోడలూ అడుగూ 20 సెంటీమీటర్ల కాంక్రీటు. బయటి కొలత 8.4, 4.4, 1.7 మీటర్లు — ఘనపరిమాణం దాదాపు 63 ఘనమీటర్లు. కాంక్రీటు దాదాపు 15 ఘనమీటర్లు, బరువు 37 టన్నులు. వానకాలంలో భూగర్భజలం అంచుదాకా వచ్చిన రోజున కొలనును ఖాళీ చేశామనుకోండి: కిందినుండి 63 టన్నుల తోపుడు, పైనుండి 37 టన్నుల బరువు. పెరట్లో పడవ తేలుతుంది. అందుకే అడుగున కంకర పరిచి, చిల్లుల గొట్టాలతో నీటిని ఒక గుంటలోకి మళ్ళించి తోడివేయాలి. అడుగు భాగంలో ఒత్తిడి తీర్చే కవాటం పెట్టాలి. ఆషాఢం నుండి కార్తికం దాకా కొలను ఖాళీ చేయరాదు.

గోడల మూలలు గుండ్రంగా ఉంటే ఒత్తిడి సర్దుకొంటుంది. పందొమ్మిదవ శతాబ్దం తొలి ఏళ్ళలో కట్టిన మీరాలం చెరువు ఆనకట్ట 21 కమానుల వరుసగా ఈనాటికీ నిలిచి ఉండడంలో రహస్యం ఆ వంపే. వంపు గోడలకు నేడు వాడేది కాంక్రీటును చిమ్మే పద్ధతి. ఈ చిమ్మే యంత్రాన్ని కనిపెట్టినవాడు ఇంజనీరు కాడు. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో చచ్చిన జంతువుల తోళ్ళతో బొమ్మలు నిలబెట్టే కార్ల్ ఏక్లీ. 1907లో భవనం గోడలకు గచ్చు చిమ్మడానికి చేసి, 1911లో పేటెంటు పొందాడు.

టెక్సాసులో మన తెలుగువారు ఈ పాఠం డబ్బు పెట్టి నేర్చుకొన్నారు. అక్కడి నల్లమట్టి మన రేగడికి అక్కగారే. ‘హ్యూస్టన్ బ్లాక్’ అనే ఆ మట్టి టెక్సాసుకు రాష్ట్ర మృత్తిక కూడ. మా అమ్మాయి ఉన్న వీధిలో వేసవి వస్తే మొక్కలకు పోసినట్లు పునాది చుట్టూ చిల్లుల గొట్టంతో నీళ్ళు పెట్టేవారు. నేల ఎండి ముడుచుకోరాదు, అతిగా తడిసి ఉబ్బరాదు. ఏడాదంతా ఒకే తేమ ఉండాలి. ఆ మాట ఇక్కడికీ వర్తిస్తుంది. కొలను పక్కన వేపచెట్టు పెంచుదామన్న మా ఆవిడ ముచ్చటను దానివల్లనే వాయిదా వేయించాను. చెట్టు ఒక పక్కనే నీరు పీలిస్తే ఆ పక్క నేల కుంగుతుంది.

అన్నిటికంటె గట్టిగా నేను అడ్డుపడింది వేరొక విషయంలో. మా అల్లుని కాంట్రాక్టరు స్థలమంతటినీ మూడడుగులు మొరంతో ఎత్తు చేస్తే సమస్యే ఉండదన్నాడు. అతని వరకు నిజమే. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో ఒక్క రోజే 32 సెంటీమీటర్లు దాటి వాన కురిసింది. రామంతాపూర్ పెద్దచెరువు పొంగి, దాని చుట్టూ ఉన్న కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. మా అల్లుని స్థలానికి దిగువన ఉన్న వృద్ధదంపతులు ఆనాడు మేడమీద గదిలో తలదాచుకొన్నారు. మనం మూడడుగులు ఎత్తు చేస్తే, మన పెరట్లో నిలిచే నీరు వారి వంటింట్లో నిలుస్తుంది. పూడ్చినంత మాత్రాన నీరు దారి మరచిపోదు. అంబర్‌పేట బతుకమ్మకుంటను ఏళ్ళ తరబడి మట్టితో, చెత్తతో కప్పివేశారు. 2025లో హైడ్రావారు తవ్వితే కొద్దిలోతుకే నీరు ఉబికి వచ్చింది.

“పక్కవారి సంగతి కూడ మన ప్లానులో గీయాలా, మామయ్యగారూ?” అన్నాడు, కొంత విసుగుతోనే. “గీయాలి బాబూ” అన్నాను. రెండు వారాలు మా ఇద్దరికీ మాటలు తక్కువయ్యాయి. మా అమ్మాయి మాత్రం ఒక సాయంత్రం నేలపటం తీసుకొని దిగువ ఇంటికి వెళ్ళి, ఆ పెద్దాయనను కూర్చోబెట్టి నీరు ఎటునుండి వచ్చిందో గీయించుకొని వచ్చింది.

ప్రస్తుతానికి కుదిరినది ఇది. కొలను మొరం మూలకు జరిగింది, పొడవు రెండు మీటర్లు తగ్గింది. రేగడి వైపు వచ్చే భాగంలో మీటరు లోతు నల్లమట్టి తీసి, అక్కడి మొరాన్నే పలుచని పొరలుగా వేసి, తడిపి, దట్టిస్తారు. స్థలం ఎత్తు పెంచడం లేదు. పల్లపు మూలలో ఏమీ కట్టకుండ వదిలి, వాన నీరు ప్రహరీ కింది తూముల గుండా పాత కాలువలోకి పోయేటట్లు వాలు ఇస్తారు. ఆ తూములు ఎంత వెడల్పుండాలన్న దాని మీద దిగువ ఇంటి పెద్దాయన, మా అల్లుడు ఇంకా బేరమాడుతున్నారు. తవ్వకం సంక్రాంతి తరువాత.