పెట్టెలో గుడ్డ, చేతిలో కూలి

మా వడ్డాదిలో పొదుపు పుస్తకం రాకముందే ఇంటింటా ఇంకో పొదుపు ఉండేది. అదే ట్రంకుపెట్టె. పేరంటాల్లో పెట్టిన జాకెట్టు ముక్కలు, చిరిగిన నేతచీరలు, పాత పంచెలు అందులో దాచేవారు. మా అమ్మమ్మలు పాతచీరల్ని మడతలు పేర్చి, వరసగా కుట్లు వేసి బొంతలు కుట్టేవారు. పసిబిడ్డకి పొత్తిగుడ్డ, చలికి బొంత, సంతకి సంచీ అన్నీ ఆ పెట్టెలోవే. రాత్రి పనంతా అయ్యాక దీపం దగ్గర కూర్చుని కుట్టేవారు. అది కూడా పనే, కానీ దానికి కూలి ఉంటాదని ఎవరూ అనుకోలేదు.

1982లో డ్వాక్రా మొదలైంది. 2000లో వెలుగు వచ్చింది. సంఘం అప్పుతో కొందరి ఇళ్లకి కుట్టుమిషన్లు వచ్చాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు రాష్ట్రంలో మనిషికి మూడేసి చొప్పున 16 కోట్ల మాస్కులు కావాలన్నారు. ఆ పని పొదుపు సంఘాల ఆడవాళ్లకే అప్పగించారు. గుడ్డ ఆప్కోది, కుట్టు మాది. మాస్కుకి ఇంతని కూలి కట్టారు. అమ్మమ్మల నుంచి వచ్చిన కుట్టుపనికి అప్పుడు లెక్క దొరికింది.

అందుకే ఈ ఏడు పెట్టెలు తెరుద్దాం. దాచిన గుడ్డతో సంచులు, బొంతలు కుడదాం. ఎన్ని కుట్టామో, ఎన్ని గంటలు కూర్చున్నామో సంఘం పుస్తకంలో రాద్దాం. రాయని పని ఎవరికీ కనపడదు.