కరవు, కొవ్వు, రక్తనాళం: పోషణ చరిత్రపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
కొవ్వు శరీరంలో నిల్వ ఉండే సరుకు మాత్రమేనన్న భావన నుంచి, అది హార్మోన్లను స్రవించే అవయవమన్న అవగాహన వరకు సాగిన మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రాయలసీమ కరవు చరిత్రను, హైదరాబాదు పరిసర గ్రామాల్లో జరిగిన పోషణ అధ్యయనాన్ని ఆధారం చేసుకొని, శరీర బరువు ఒక్కటే పోషణకు కొలమానం కాదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ధాత కరవు, లెప్టిన్, అడిపోనెక్టిన్, రక్తనాళాల లోపొర, మంగంపేట, అంగన్‌వాడీ.

1. ప్రవేశిక

ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి గనులకు ప్రసిద్ధి. భూగర్భ సంపదకు లోటు లేని ఈ సీమే తిండిగింజల కొరతతోనూ చరిత్రకెక్కింది. తెలుగు పలుకుబడిలో ‘ఒళ్లు చేయడం’ కలిమికి గుర్తు, ‘కొవ్వెక్కడం’ పొగరుకు గుర్తు. రెండింటిలోనూ కొవ్వు కంటికి కనిపించే పరిమాణమే. ఆకలిని లెక్కించిన పాలకులు కూడా తూకాన్నే నమ్ముకున్నారు. కొవ్వు లోపలినుంచి ఏం చేస్తుందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా పుట్టింది.

2. తూకానికెక్కిన ఆకలి

1876–78 నాటి ధాత కరవు కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనుల్లోని కూలీలకు లెక్కగట్టే రోజువారీ ధాన్యాన్ని ఒకటిన్నర పౌండు నుంచి ఒక పౌండుకు, అంటే సుమారు 450 గ్రాములకు తగ్గించాడు. మద్రాసు ప్రభుత్వ పారిశుద్ధ్య కమిషనర్ విలియం కార్నిష్ దీన్ని వ్యతిరేకించాడు. శ్రమించే దేహానికి గింజలు మాత్రమే చాలవనీ, పప్పుధాన్యాల వంటి మాంసకృత్తులు అవసరమనీ వాదించాడు. ఆ ఏడాదే మద్రాసు ప్రభుత్వం కూలిని సవరించింది. ఆహారపు గుణాన్ని కార్నిష్ చర్చకు తెచ్చినా, దేహాన్ని ఇంధనంతో నడిచే యంత్రంగా చూసే దృష్టి మారలేదు. ఆ దృష్టిలో కొవ్వు మిగులు ఇంధనం మాత్రమే.

3. కొవ్వు పంపే సంకేతాలు

రక్తనాళం సడలడానికి దాని లోపొర కణాలు అవసరమని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ నిరూపించాడు. ఆ కణాలు విడుదల చేసేది నైట్రిక్ ఆక్సైడ్ అని తరవాత తేలింది. ఈ పరిశోధనలకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. ఈలోగా 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కొవ్వు కణాలు స్రవించే లెప్టిన్‌ను, మరుసటి ఏడాది మరొక బృందం అడిపోనెక్టిన్‌ను వెలుగులోకి తెచ్చాయి.

లెప్టిన్ కొవ్వు నిల్వల స్థితిని మెదడుకు తెలుపుతుంది. తిండి తగ్గితే రక్తంలో దాని స్థాయి పడిపోయి ఆకలి పెరుగుతుంది, దేహం ఖర్చు తగ్గించుకుంటుంది. స్థూలకాయంలో అదే లెప్టిన్ అధికమై సహానుభూత నాడీవ్యవస్థను ఉత్తేజపరుస్తుంది, రక్తపోటును పెంచుతుంది. అడిపోనెక్టిన్ లోపొరలో నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తికి తోడ్పడి నాళాన్ని సడలిస్తుంది. తెల్ల రక్తకణాలు నాళపు గోడకు అంటుకోవడాన్ని తగ్గిస్తుంది. పొట్ట లోపలి కొవ్వు పెరిగేకొద్దీ ఈ రక్షక హార్మోను తగ్గడం గమనార్హం. కాబట్టి కొవ్వు ఎంత ఉన్నదన్న దానితోపాటు ఎక్కడ ఉన్నదన్నదీ ముఖ్యమే.

బరువు ఈ తేడాను చూపలేదు. 2004లో పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యడ్కిన్ తమ ఇద్దరి కొలతలను ప్రచురించారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచీ 22.3. అయితే శరీరంలో కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం.

4. తెలుగు పల్లెల సాక్ష్యం

1987–90 మధ్య హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిసర గ్రామాల్లో ఒక ప్రయోగం నిర్వహించింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అమలైన గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు రోజుకు సుమారు 500 కిలోకేలరీల అనుబంధాహారం అందింది. ఆరేళ్లలోపు పిల్లలకూ పోషకాహారం అందింది. పథకం అప్పటికి చేరని గ్రామాలు పోలికకు నిలిచాయి. 2003–05లో పరిశోధకులు 29 గ్రామాల్లో 13–18 ఏళ్ల వయసున్న 1,165 మందిని మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువగా ఉన్నారు. వారి ఇన్సులిన్ నిరోధకత 20 శాతం, ధమనుల బిగువును తెలిపే సూచీ 3.3 శాతం తక్కువగా నమోదయ్యాయి. శరీర కొవ్వులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలను ప్రచురించింది.

గ్రామాలను యాదృచ్ఛికంగా ఎంపిక చేయలేదు కాబట్టి ఈ ఫలితాన్ని జాగ్రత్తగా అన్వయించాలి. ఇది కొవ్వు హార్మోన్ల పాత్రకు ప్రత్యక్ష నిరూపణ కాదు. అయినా కొవ్వు పరిమాణం సమానంగా ఉన్నప్పుడూ రక్తనాళాల తీరు భిన్నంగా ఉండవచ్చన్న విషయాన్ని ఇది బలపరుస్తున్నది.

5. ముగింపు

1877 నాటి వాదం పౌండ్ల చుట్టూ తిరిగింది. నేటి అంగన్‌వాడీలో బిడ్డను తూకం వేయడం ప్రధానంగా ఉన్నది. తూకం అవసరమే, కానీ చాలదు. మంగంపేట వంటి మెట్టసీమ గ్రామాల్లో గర్భిణికి అందే గుడ్డు, పాలు, పప్పు ఆ నెల బరువుకే పరిమితమయ్యే ఖర్చు కాదు. వాటి ఫలితం పదిహేనేళ్ల తరవాత ఆ బిడ్డ ధమనుల్లో కనిపించవచ్చు. కరవు చరిత్రను మరణాల లెక్కతో ముగించక, బతికినవారి దేహాల వరకూ కొనసాగించవలసి ఉన్నది.