వ్యక్తిగత కంప్యూటర్లకు వైరస్ ముప్పు ఎందుకు?

ప్రత్యేక వ్యాసం

విజయనగరం నుండి సాలూరు వెళ్లే జాతీయ రహదారిపైన ఉన్న గజపతినగరానికి పరిసర గ్రామాల ప్రజలు ప్రతిరోజూ అనేక పనులపై వస్తూ ఉంటారు. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాల కోసం మీ-సేవ కేంద్రానికి, ఉద్యోగ దరఖాస్తు పంపేందుకు ఇంటర్నెట్ సెంటర్‌కు, శుభలేఖలకు, కళాశాల ప్రాజెక్టు నివేదికలకు డి.టి.పి. సెంటర్‌కు వెళ్లడం పరిపాటి. ఈ పనులన్నిటిలోను చేతినుండి చేతికి మారే వస్తువు పెన్‌డ్రైవ్. ఒక విద్యార్థి పెన్‌డ్రైవ్ ఒక్క పూటలో మూడు, నాలుగు కంప్యూటర్లకు తగిలించబడి, సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. దానిని తెరచి చూస్తే మార్కుల జాబితాలు, ఫొటోలు ఉన్న ఫోల్డర్లకు బదులు షార్ట్‌కట్ గుర్తులు మాత్రమే కనిపించడం చాలామందికి అనుభవమే. ఇలాంటి సందర్భాలలో ఫైళ్లు తరచుగా చెరిగిపోవు. వైరస్ వాటిని దాచివేసి, తన నకలును వాటి స్థానంలో ఉంచుతుంది.

తాళం వేసిన గదిలో, యజమాని కళ్ల ఎదుటనే ఉన్న యంత్రం ఇంత సులభంగా వైరస్‌కు ఎందుకు లోబడుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినప్పుడే తీసుకోవలసిన జాగ్రత్తలు అర్థవంతమవుతాయి.

వైరస్ అనగానేమి?

కంప్యూటర్ వైరస్ అనేది మనుషులు వ్రాసిన ఒక ప్రోగ్రాం. మరొక ప్రోగ్రాంలోనో, ఫైల్‌లోనో చేరి, అది నడిచినప్పుడు తన నకళ్లను తయారు చేసుకోవడం దీని లక్షణం. ఎవరి ప్రమేయమూ లేకుండా నెట్‌వర్క్ ద్వారా తనంతట తాను వ్యాపించే దానిని వార్మ్ అని, ఉపయోగకరమైన ప్రోగ్రాం వేషంలో లోపలికి ప్రవేశించే దానిని ట్రోజన్ అని వ్యవహరిస్తారు. ఫైళ్లను సంకేతలిపిలోకి మార్చివేసి, విడిపించేందుకు సొమ్ము అడిగేది రాన్సమ్‌వేర్. సామాన్య వ్యవహారంలో వీటన్నిటినీ వైరస్ అనే పిలవడం జరుగుతున్నది.

ఆదేశాన్ని ప్రశ్నించని యంత్రం

కంప్యూటర్‌లో సమాచారము, ఆదేశాలు రెండూ ఒకే జ్ఞాపకశక్తిలో ఒకే రూపంలో ఉంటాయి. 1940వ దశకం నుండి కంప్యూటర్ల నిర్మాణానికి ఈ సూత్రమే పునాది. ఈ కారణంగానే ఒకే యంత్రం ఉదయం జీతాల పట్టికను, మధ్యాహ్నం శుభలేఖను, రాత్రి సినిమాను చూపగలుగుతున్నది. కొత్త ప్రోగ్రాం ఇస్తే కొత్త పని నేర్చుకోవడం దీని గొప్పతనం. అయితే ఆ ప్రోగ్రాం వ్రాసినవారు ఎవరు, వారి ఉద్దేశం ఏమిటి అన్నది యంత్రానికి పట్టదు. మంచి ప్రోగ్రాంను ఏ విధేయతతో నడుపుతుందో, చెడు ప్రోగ్రాంను కూడా అదే విధేయతతో నడుపుతుంది. కంప్యూటర్‌కు ఉన్న ఉపయోగము, దానికి పొంచి ఉన్న ముప్పు ఒకే మూలం నుండి పుట్టినవి.

ఒక్క యజమాని కోసం రూపొందిన యంత్రం

విశ్వవిద్యాలయాలలోని పెద్ద కంప్యూటర్లను అనేకమంది పంచుకొనేవారు గనుక, వాటిలో ఒకరి ఫైళ్లను మరొకరు ముట్టుకోకుండా కట్టుదిట్టాలు ఉండేవి. వ్యక్తిగత కంప్యూటర్ ఇందుకు భిన్నంగా పుట్టింది. 1981లో ఐ.బి.ఎం. పి.సి.తో వచ్చిన డాస్‌లో వేర్వేరు వినియోగదారులు, వేర్వేరు అధికారాలు అన్న ఏర్పాటే లేదు. నడిచే ప్రతి ప్రోగ్రాం యంత్రంలోని ప్రతి ఫైల్‌ను మార్చగలదు. వీధి వాకిలి దాటితే లోపల మరో తలుపు లేని ఒంటిగది ఇల్లు వంటిది ఆ నిర్మాణం.

1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు సోదరులు వ్రాసిన బ్రెయిన్ వైరస్ ఈ బలహీనతనే ఉపయోగించుకొని, ఫ్లాపీ డిస్కుల బూట్ సెక్టార్ ద్వారా పలు దేశాలకు పాకింది. అనంతరం వచ్చిన విండోస్ 95, 98లలోనూ పరిస్థితి పెద్దగా మారలేదు. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్.పి.లో వేర్వేరు అధికారాలు గల ఖాతాల ఏర్పాటు ఉన్నప్పటికీ, ఇళ్లలోను, దుకాణాలలోను దాదాపు అందరూ పూర్తి అధికారం గల అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోనే పని చేసేవారు. అందువల్ల యజమానికి గల అధికారమంతా వైరస్‌కు కూడా సంక్రమించేది. విండోస్ విస్టా నుండి ముఖ్యమైన మార్పులకు ముందుగా అనుమతి కోరే పద్ధతి వచ్చింది.

పెన్‌డ్రైవ్ విషయంలోనూ ఇదే జరిగింది. సౌకర్యం కోసం ఏర్పరచిన ఆటోరన్ సదుపాయాన్ని 2008లో బయటపడిన కాన్‌ఫికర్ వార్మ్ తన వ్యాప్తికి వాడుకొన్నది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో కూడా పెన్‌డ్రైవ్‌లకు ఈ సదుపాయాన్ని నిలిపివేసింది. దాంతో వైరస్ రచయితలు మనిషి చేతనే క్లిక్ చేయించే షార్ట్‌కట్ పద్ధతికి మరింతగా మళ్లారు.

ఒకే లోపం, లక్షల యంత్రాలు

ఆపరేటింగ్ సిస్టం కోట్ల వరుసల ఆదేశాలతో కూడినది. అంతటి రచనలో పొరపాట్లు లేకుండా ఉండడం అసాధ్యం. ప్రపంచంలోని వ్యక్తిగత కంప్యూటర్లలో అత్యధిక భాగం ఒకే కుటుంబానికి చెందిన ఆపరేటింగ్ సిస్టం వాడుతున్నందున, ఒక చోట కనుగొన్న లోపం అన్నిచోట్లా పనిచేస్తుంది. ఊరంతా ఒకే రకం వరి వేస్తే ఒకే తెగులు ఊరంతా పాకినట్లే ఇది.

ఇందుకు మన రాష్ట్రంలోనే నిదర్శనం ఉంది. 2017 మే 12న ప్రపంచమంతటా విజృంభించిన వనాక్రై రాన్సమ్‌వేర్ సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను తాకింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. వనాక్రై ఉపయోగించుకొన్న లోపాన్ని సవరించే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చి 14న, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసి ఉండడం గమనార్హం. ప్రపంచవ్యాప్తంగా నష్టపోయిన యంత్రాలలో అధికభాగం ఆ అప్‌డేట్‌ను వేసుకోనివే. 2019లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు కూడా రాన్సమ్‌వేర్ దాడికి గురై అంతరాయాన్ని ఎదుర్కొన్నాయి.

పాత యంత్రాలు, తెలుగు అక్షరాలు

అప్‌డేట్లు ఎందుకు వేసుకోరు? నెమ్మదైన ఇంటర్నెట్, నకలు సాఫ్ట్‌వేర్, పనికి అంతరాయం కలుగుతుందన్న భయం సాధారణ కారణాలు. తెలుగు నాట మరొక కారణం కూడా ఉంది. యూనికోడ్ వ్యాప్తిలోకి రాక పూర్వం తయారైన తెలుగు ఫాంట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత సంకేత పద్ధతిని అనుసరించేవి. పేజ్‌మేకర్ వంటి పాత సాఫ్ట్‌వేర్‌తో వాటికి ముడి పడింది. విండోస్ మార్చితే అలవాటైన ఫాంట్లు, ఏళ్ల తరబడి దాచిన ఫైళ్లు పనిచేయవేమోనని డి.టి.పి. నిర్వాహకులు పాత యంత్రాలనే కొనసాగిస్తూ వచ్చారు. విండోస్ ఎక్స్.పి.కి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ముగిసింది. మద్దతు ముగిసిన తరువాత బయటపడే లోపాలకు సాధారణంగా సవరణలు రావు. ఊరిలోని అందరి పెన్‌డ్రైవ్‌లు వచ్చి చేరే యంత్రమే అందరికంటె బలహీనమైనది కావడం ఇక్కడి అసలు సమస్య.

మనిషి నమ్మకమే ద్వారం

2000 మే 4న వ్యాపించిన లవ్ లెటర్ వైరస్ ప్రేమలేఖ పేరిట ఈ-మెయిల్‌లో వచ్చింది. తెలిసినవారి చిరునామా నుండి వచ్చినందున జనం నమ్మి తెరిచారు. ఫైల్ పేరు చివర అది ప్రోగ్రాం అని తెలిపే అక్షరాలను విండోస్ దాచి ఉంచడంతో అది మామూలు ఉత్తరంలా కనిపించింది. నేడు విద్యుత్ బిల్లు, బ్యాంకు నోటీసు, ఉద్యోగ నియామక పత్రం పేర్లతో వస్తున్నవి కూడా అదే కోవకు చెందినవి.

యాంటీ వైరస్ ఒక్కటే చాలునా?

చాలదు. యాంటీ వైరస్ ముఖ్యంగా తెలిసిన వైరస్‌ల ఆనవాళ్లను, అనుమానాస్పద ప్రవర్తనను బట్టి పనిచేస్తుంది. ప్రతి వైరస్‌నూ పొరపాటు లేకుండా గుర్తించే పద్ధతి సిద్ధాంతరీత్యా అసాధ్యమని అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడ్ కోహెన్ 1980వ దశకంలోనే నిరూపించారు. కనుక ఒక రక్షణ విఫలమైనా మరొకటి నిలిచేలా జాగ్రత్తలు ఉండాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

1. ఆపరేటింగ్ సిస్టం, బ్రౌజర్‌లకు వచ్చే అప్‌డేట్లను వెంటనే వేసుకోవాలి.

2. దైనందిన పనికి పరిమిత అధికారాలు గల ఖాతాను వాడాలి. అడ్మినిస్ట్రేటర్ ఖాతాను కొత్త సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు మాత్రమే ఉపయోగించాలి.

3. ముఖ్యమైన ఫైళ్ల నకలును వేరొక హార్డ్‌డిస్క్‌లో భద్రపరచి, పని ముగియగానే దానిని కంప్యూటర్ నుండి వేరుచేయాలి. తగిలించి ఉంచిన నకలును రాన్సమ్‌వేర్ విడిచిపెట్టదు.

4. బయటి పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేసిన తరువాతనే తెరవాలి. ప్రింటు కోసం వెళ్లేవారు అవసరమైన ఒక్క ఫైల్‌నే వేరొక పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లడం, ధ్రువపత్రాల అసలు ఫైళ్లను ఇంటివద్దనే ఉంచుకోవడం శ్రేయస్కరం.

5. ఫైల్ పేర్ల చివరి అక్షరాలు కనిపించేలా విండోస్‌లో అమర్చుకోవాలి.

6. పాత ఫాంట్ల కోసం పాత యంత్రాన్ని ఉంచుకొనక తప్పని డి.టి.పి. సెంటర్లు దానిని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలి. కొత్త పనిని యూనికోడ్ తెలుగులో చేపట్టాలి.

7. వైరస్ సోకినట్లు అనుమానం కలిగితే ముందుగా నెట్‌వర్క్ కనెక్షన్ తొలగించాలి.

చట్టం, సహాయం

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో వైరస్ ప్రవేశపెట్టిన వ్యక్తి నష్టపరిహారం చెల్లించవలసి ఉంటుంది. దురుద్దేశంతో చేసినట్లయితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2004లో ఏర్పడిన సెర్ట్-ఇన్ సంస్థ వైరస్‌ల గురించి హెచ్చరికలు జారీ చేస్తుంది. 2017లో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వైరస్‌లను తొలగించే పరికరాలను ఉచితంగా అందిస్తున్నది. ఆన్‌లైన్ మోసంలో సొమ్ము పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

నగరంలోని పెద్ద సంస్థకు వైరస్ సోకితే సరిచేసే నిపుణులు ఉంటారు. మండల కేంద్రంలోని విద్యార్థికి, చిన్న వ్యాపారికి ఆ ఒక్క కంప్యూటరే ఆధారం. దరఖాస్తు గడువు నాటి సాయంత్రం ఫైల్ తెరుచుకోకపోతే పోయేది ఒక అవకాశం. యంత్రం దేనినీ ప్రశ్నించదు గనుక, ప్రశ్నించవలసిన బాధ్యత దానిని వాడేవారిదే.